ఆకలికి పెద్దింటి మాట

మా నాన్నకి వరసగా నలుగురు ఆడపిల్లలు పుట్టారు. అయిదోసారి నేను పుట్టాను. రేవులో తెరచాపకి మాసిక వేసుకుంటున్న ఆయన ఆ వార్త విని, ఆకాశం వైపు చూసి "స్తమాతా!" అన్నాడట. మా గ్రీకు మాటలో దానికి "ఇంక ఆపు" అని అర్థం. ఆడపిల్లలు ఎక్కువైన ఇళ్ళలో ఆ పేరు పెట్టడం మా దీవుల్లో మామూలే. దేవుడు నిజంగానే ఆపాడు. కానీ ఆ పేరు నన్ను తీసుకొచ్చి ఎక్కడ పడేసిందో చూడండి. యుద్ధం మధ్యలో, కైరోలో, ప్రవాస ప్రభుత్వం వారి ప్రచార శాఖలో, రేడియో వార్తలు చదివే పనిలో, పొద్దస్తమానం ఒకరి మీదొకరు "స్తమాతా! స్తమాతా!" అని అరుచుకునే ముగ్గురు పెద్దమనుషుల మధ్య పడేసింది. మొదటి వారమంతా వాళ్ళు అరిచినప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ తర్వాత లేవడం మానేశాను. సరిగ్గా అప్పుడే నన్ను నిజంగా పిలవడం మొదలుపెట్టారు, పొగరుబోతు పిల్లనని పేరొచ్చింది.

దేశం జర్మన్ల, ఇటాలియన్ల చేతిలో ఉంది. మా ప్రభుత్వం కైరోలో ఒక అద్దె మేడలో ఉంది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు, ఏలడానికి జానెడు నేల లేకపోయినా శాఖలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. అడవుల శాఖ మంత్రిగారి కిటికీలోంచి చూస్తే ఒక ఖర్జూరపు చెట్టు కనిపించేది. అది కూడా పక్కింటివాళ్ళది. మా చేతిలో నిజంగా ఉన్నది ఒక్కటే, ఇంగ్లీషువాళ్ళు దయతలచి ఇచ్చిన సాయంత్రపు అరగంట రేడియో. ఆ అరగంటే మా రాజ్యం. కాబట్టి పార్టీలన్నీ దాని మీదే పడ్డాయి.

రాజుగారి పక్షం తరఫున ప్రొఫెసర్ పోలిక్రాతిస్ ఉండేవారు. ఆయన పెంపుడు పిల్లితో కూడా గ్రాంథికమే మాట్లాడేవారు. మేమంతా నీళ్ళని "నెరో" అంటాం. ఆయన "ఇదోర్" అనేవారు, రెండువేల ఏళ్ళ కిందటి మాట. కైరో హోటల్లో ఆయన ఇదోర్ అడిగితే ప్రతిసారీ నిమ్మకాయ సోడా వచ్చేది. ఆయన దాన్ని కూడా గంభీరంగానే తాగేవారు.

లిబరల్ పార్టీ తరఫున మిల్తియాదిస్‌గారు, పొగాకు వ్యాపారి. ఏ తగువులోనైనా ఆయన మధ్యలో నిలబడతారు, అందుకని రెండు వైపుల దెబ్బలూ ఆయనకే తగిలేవి. సోషలిస్టుల తరఫున అర్గీరిస్, అచ్చాఫీసు కార్మికుల నాయకుడు. ప్రజల భాషే రాయాలని పట్టుబట్టేవాడు. తీరా రాస్తే అది ఏ ప్రజలూ మాట్లాడని ప్రజల భాషగా తయారయ్యేది. "అధ్యక్షుడు" అన్న మాట పెద్దింటిదని దాన్ని తీసేసి "ముందు కూర్చునేవాడు" అని రాశాడొకసారి. బండి తోలేవాడి గురించి అనుకుంటారు కదయ్యా అంటే, వాడికి మాత్రం గౌరవం వద్దా అని నా మీదే లేచాడు.

ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప ఒక్క వాక్యం గాలిలోకి పోకూడదన్నది మా శాఖ నియమం. అందువల్ల మా వార్తల్లో ప్రతి నామవాచకానికీ మూడు విశేషణాలు ఉండేవి, పార్టీకొకటి చొప్పున. "ధర్మబద్ధమైన, ప్రగతిశీలమైన, శ్రామికజన పక్షపాతమైన వర్షం క్రీటు దీవిలో నిన్న కురిసినది" అని నేనొకసారి నా నోటితో చదివాను. నవ్వు ఆపుకోవడానికి తొడ మీద గిల్లుకున్న మచ్చ చాలాకాలం ఉంది.

ఇదంతా నాకు వేడుకగానే ఉండేది, మా ఊరి కబురు వచ్చేదాకా.

మాది అనెమూసా దీవి, టర్కీ తీరానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ ఇటాలియన్ సైనికులు కొండమీది పాత కోటలో దిగారు. పడవలన్నిటికీ గొలుసులు వేసి, కాపలా పెట్టి, ఎప్పుడో దయ కలిగి వేటకి వదిలినా వచ్చిన చేపలు వాళ్ళే లాక్కుంటున్నారు. మేకలు పోయాయి, కోళ్ళు పోయాయి, పిండి కోటవాళ్ళ సుంకపు కొట్టులోకి పోయింది. అక్కడి నుంచి పారిపోయి వచ్చిన ఒకావిడ నాతో చెప్పింది. "మీ అమ్మ జాంబేతా, మీ అక్క అనెజీనా కొండల్లో దొరికే ఆకులు ఉడకబెట్టుకు తాగుతున్నారే. మీ అమ్మ ఎముకల గూడైపోయింది. వచ్చే చలికాలం చూస్తుందని నేననుకోను," అంది.

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం, మాంసం కూర, పుచ్చకాయ తిన్నాను. అంతకుముందు రోజూ తిన్నాను. తిండి తిన్నందుకు సిగ్గు పడటం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. సాయం పంపే ఓడల సంఘంవాళ్ళు మా రేడియో వింటారని అందరూ అనేవారు. అనెమూసాలో జనం ఆకలితో పోతున్నారని ఒక్క వాక్యం రేడియోలో వస్తే చాలు, ఆ దీవి పేరు వాళ్ళ చెవిన పడుతుంది. పాపం మా ఊరివాళ్ళకి కూడా తమని మరిచిపోలేదన్న ధైర్యం వస్తుంది. నాకు కావాల్సింది ఆ ఒక్క వాక్యం.

దానికోసం సమావేశం పెట్టారు. ఆకలి గురించిన సమావేశం కాబట్టి కిందనున్న గ్రీకు మిఠాయి దుకాణం నుంచి పళ్ళెం తెప్పించారు. నెయ్యి కారే బక్లవా, మీగడ కూరిన పొరల మిఠాయి, దానిమీద దాల్చినచెక్క పొడి.

"ఏం చెప్పమంటావమ్మాయ్?" అన్నారు మిల్తియాదిస్‌గారు మూతి తుడుచుకుంటూ.

"అనెమూసాలో పీనా అని చెప్పండి. జనం పీనాతో చచ్చిపోతున్నారని. అంతేనండీ." మాకు పీనా అంటే ఆకలి. పుట్టిన పిల్లకి కూడా తెలిసిన మాట.

ప్రొఫెసర్‌గారు మిఠాయి పక్కన పెట్టారు. "పీనా అనునది వంటింటి మాట. కుక్కకి కూడా పీనా వేయును. రాజ్యమున్న ప్రజకి వచ్చునది లిమోస్. పీనా కడుపుకి సంబంధించినది. లిమోస్ చరిత్రకి సంబంధించినది."

"చరిత్రని నంజుకు తింటారా జనం?" అన్నాడు అర్గీరిస్. "పీనా అనే అనాలి. అది మా పార్టీ జెండా మీదున్న మాట."

"అందులకే వద్దనుచున్నాను! పీనా అన్నచో మీ పార్టీ పేరు చెప్పినట్లే. ఆకలి వేసిన ప్రతివాడూ మీ సభ్యుడా?"

"సభ్యుడే! చందా కట్టలేదు, అంతే తేడా!"

"కాస్త ఆగండి," అన్నారు మిల్తియాదిస్‌గారు. "లిమోస్ అంటే పెద్ద మాటండీ. అంటే దేశమంతా కరువని. కరువంటే తప్పు ప్రభుత్వానిదవుతుంది. ఏ ప్రభుత్వానిది? యుద్ధానికి ముందున్నదానిదా, ఇప్పటిదా? ఇప్పటిదయితే మా పార్టీవాళ్ళు అందులో కొత్తగా చేరారు, వాళ్ళకేం తెలుసు పాపం? మనం 'సితొదియా' అందాం. ధాన్యలోపం. ఎవరిమీదా నింద పడదు. తప్పంతా ధాన్యానిది."

"మాది దీవండీ. ధాన్యం ఎప్పుడూ లేదు. చేపలు పోయాయి," అన్నాను.

"పోనీ మత్స్యలోపం అందామా?"

"స్తమాతా!" అని అరిచాడు అర్గీరిస్. ఆ మాట "మీరు ఆపండి" కాదు, "నువ్వు ఆపు". "మీరు" పోయి "నువ్వు"లోకి దిగిందంటే ఇంక వాళ్ళు కొట్టుకునేదాకా వెళ్తారని అర్థం. నేను లేవలేదు. కానీ కడుపు మండి, ఆ తర్వాత నేనే లేచాను.

"ప్రొఫెసర్‌గారూ, ఒక్క మాట. చర్చిలో పాద్రీగారు ప్రార్థన చదువుతారు కదా, 'లిమోస్ నుంచి, లిమోస్ నుంచి, భూకంపం నుంచి మమ్మల్ని కాపాడు' అని. రెండు సార్లు ఎందుకంటారో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. పాద్రీగారికి నత్తి అనుకుంటారు. ఆ మాట రేడియోలో చెబితే ఏమర్థమవుతుందండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "పిచ్చిపిల్లా! మొదటి లిమోస్ అనగా మహమ్మారి, ప్లేగు వంటిది. రెండవ లిమోస్ అనగా కరువు. వ్రాతలో అక్షరములు వేరు."

"పలకడంలో?"

"పలుకుటలో ఒక్కటే."

"రేడియోలో రాత కనిపించదు కదండీ."

"సంస్కారవంతునికి వినిపించును," అన్నారాయన.

పళ్ళెం ఖాళీ అయ్యేలోపు బేరం కుదిరింది. ఉపన్యాసం మొదట్లో "ఓ స్వేచ్ఛాపుత్రులారా" అని ఉండాలన్నారు లిబరల్ పార్టీవారు, ఉంచారు. "ద్వీపవాసులారా"కి ముందు "శ్రామిక" అని చేర్చాలన్నాడు అర్గీరిస్, చేర్చారు. బదులుగా రాజుగారి పక్షానికి లిమోస్ దక్కింది. జెండా మీది మాటని అర్గీరిస్ ఒక్క విశేషణానికి ఇచ్చేశాడు. మా అమ్మ ఆకలిని నా కళ్ళ ముందే చిల్లరగా మార్చి పంచుకున్నారు. ఎంత కోపమొచ్చిందంటే, మిగిలిన ఒక్క బక్లవా ముక్కా నేనే తినేశాను, వాళ్ళకి దక్కకూడదని.

ఆదివారం సాయంత్రం మైకు ముందు కూర్చున్నాను. నా మనసులో ఒక్కటే ఉంది. ఆ వాక్యం దగ్గరికి రాగానే కాగితం పక్కకి నెట్టి, "అమ్మా, మీకు పీనా అని మాకు తెలుసు" అనేద్దామని. కానీ అద్దం వెనక ఇంగ్లీషు అధికారి మీట మీద చెయ్యేసి కూర్చునేవాడు. కాగితంలో లేని మాట ఒక్కటి వినిపించినా గొంతు నొక్కేస్తాడు. అలా జరిగితే దీవి పేరు కూడా బయటికి పోదు. పైగా ప్రొఫెసర్‌గారు నా పక్కనే నిలబడి వాక్యం మీద వేలు పెట్టి ఉంచారు.

చదివాను. "ఓ స్వేచ్ఛాపుత్రులారా! శ్రామిక ద్వీపవాసులారా! ఘోరమును, దారుణమును, అప్రతిహతమును అగు లిమోస్ అనెమూసా ద్వీపమున ప్రవేశించి, శిశువృద్ధవనితాజనమును నిర్దాక్షిణ్యముగ కబళించుచున్నదన్న వార్త ప్రభుత్వమునకు శ్రుతమైనది. ఔషధసమేతమగు సహాయము అచిరకాలముననే మిమ్ము చేరగలదు!"

ఔషధం ఎందుకొచ్చిందంటే, వాక్యం తూగు చాల్లేదని ప్రొఫెసర్‌గారు చివర్లో కలిపారు. ఊపిరి నిండా పీల్చుకుని, ఒక్క గుక్కలో, ఎక్కడా తడబడకుండా చదివాను. "బాగున్నది, బాగున్నది!" అని ఆయన నా భుజం తట్టారు. నేను బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని, మా అమ్మకి నేను పంపగలిగిన ఒక్క మాటా అర్థంకాని మాటయిందని ఏడ్చాను.

ఓడల సంఘం నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎండలు ముదిరాయి. అమ్మ గురించి అడగడానికి కూడా భయపడేదాన్ని, ఎవరేం చెబుతారోనని.

అలాంటి ఒక రోజున మా ఊరి పడవ సరంగు బర్బా యాకుమీస్ మా ఆఫీసుకి వచ్చాడు. బర్బా అంటే మాకు బాబాయి వరస. టర్కీ మీదుగా జనాన్ని దాటించి, అటు నుంచి ఎలాగో కైరో చేరాడు. సమావేశం జరుగుతుండగానే తలుపు తోసుకుని లోపలికి వచ్చి, నన్ను చూసి, "అమ్మడూ! నిన్ను కన్న కడుపు చల్లగుండా! ఎంత పని చేశావే!" అని రెండు చేతులూ చాచాడు.

"మా అమ్మ?" అన్నాను.

"బంగారంలా ఉంది. బుగ్గలొచ్చాయి. మొన్న నన్నే పట్టుకుని తిట్టింది, వల సరిగ్గా ఆరేయలేదని."

పెద్దమనుషులు ముగ్గురూ కాగితాల మీంచి తలలెత్తారు. ఏం జరిగిందో చెప్పమన్నారు. బర్బా చెప్పాడు.

ఇటాలియన్ల దండులో ఒక లెఫ్టినెంటు ఉన్నాడట, యుద్ధానికి ముందు బళ్ళో ప్రాచీన గ్రీకు చెప్పేవాడు. మా రేడియో విని అర్థం చెప్పడం వాడి పని. ఆదివారం లిమోస్ అన్న మాట వినపడగానే వాడు ముఖం తెల్లబోయి లేచాడు. వాడు పుస్తకాల్లో చదువుకున్న పద్ధతిలో అయితే కరువుని ఒకలా, మహమ్మారిని ఇంకోలా పలకాలి. కానీ ఈనాటి గ్రీకులు రెండూ ఒకేలా పలుకుతారన్న రహస్యం కూడా వాడికి తెలుసు. చదువు ఎక్కువైనవాడు కదా, సులువైన అర్థం వదిలేసి కష్టమైనది పట్టుకున్నాడు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ కబళిస్తోంది, మందులు పంపుతున్నారు అంటే ఇంకేమిటి? "దీవిలో ప్లేగు పడింది! వీళ్ళు మన దగ్గర దాస్తున్నారు!" అన్నాడు కమాండరుతో. వాడే తర్వాత గోడ మీంచి గొప్పగా చెప్పుకున్నాడట.

"సోమవారం పొద్దున్న లేచి చూస్తే ఏముంది?" అన్నాడు బర్బా. "పడవల దగ్గర కాపలావాడు లేడు. ఒక్కడూ లేడు. అందరూ కోటలో దూరి తలుపులు బిగించుకున్నారు. గోడ మీంచి ఒకడు ముక్కుకి గుడ్డ కట్టుకుని అరుస్తున్నాడు, 'చేపలు తేవద్దు! గుడ్లు తేవద్దు! ఏమీ తేవద్దు! దగ్గరికి రావద్దు!' అని. మాకు మతిపోయింది. ఇన్నాళ్ళూ తెమ్మని తన్నినవాళ్ళే తేవద్దని తంతామంటున్నారు."

"అంతట?" అన్నారు ప్రొఫెసర్‌గారు ముందుకి వంగి.

"అంతట మా పాద్రీగారికి వెలిగింది. 'ఇవాళ ఎంతమంది పోయారు?' అని గోడ మీంచి వాడు అడిగాడు. పాద్రీగారు ఒక్క క్షణం ఆలోచించి, గడ్డం నిమురుకుని, 'తొమ్మిది మంది, దేవుడి దయ!' అన్నారు. అప్పటి నుంచి రోజూ చావుగంట కొట్టించారు. సుంకపు కొట్టులో వాళ్ళ పిండి బస్తాలున్నాయి కదా, అంటు తగిలిందని వాటిని కూడా వదిలేశారు. కానీ కొట్టు కోటలోంచి కనిపిస్తుంది. బస్తాలు మోస్తే చూస్తారు. అందుకని..." బర్బా నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు. "అందుకని చర్చివాళ్ళ శవపేటికలో మోశాం. ఊరందరికీ అదొక్కటే పెట్టె కదా, శవాన్ని దింపి మళ్ళీ తెచ్చుకునేది. పెట్టెలో బస్తా, ముందు పాద్రీగారు ధూపం వేస్తూ, వెనక ఆడాళ్ళు గుండెలు బాదుకుంటూ. కోట మీద ఇటాలియన్లు టోపీలు తీసి సిలువ గుర్తు వేసుకున్నారయ్యా!"

"శోకాలు ఎవరు పెట్టారు?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు.

"ఇంకెవరు, మీ అమ్మే. 'ఓ నా తెల్లని తండ్రీ! ఓ నా మెత్తని కొడకా! ఏ రాయి నిన్ను నలిపిందిరా, ఏ జల్లెడ నిన్ను పట్టిందిరా! రాత్రికి నిన్ను పొయ్యిలో పెడతారా నాయనా!' అని. మేము ఏడవలేక నవ్వలేక చచ్చాం. పాద్రీగారు ధూపం గిన్నె రెండుసార్లు జారవిడిచారు. ఇంకా అలాగే నడుస్తోంది. ఇప్పటికి ఊళ్ళో ఉన్న జనం కంటే ఎక్కువమంది చచ్చిపోయారు. ఆ లెక్క మాత్రం వాళ్ళకి తట్టలేదు."

నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. నా పీనా గెలిచి ఉంటే, నా సాదా మాట ఆ వాక్యంలో ఉండి ఉంటే, అందరికీ చక్కగా అర్థమయ్యేది, మా అమ్మ చక్కగా చచ్చిపోయేది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది.

ప్రొఫెసర్ పోలిక్రాతిస్ లేచి నిలబడ్డారు. కళ్ళు మెరుస్తున్నాయి. "సోదరులారా! ఒక్క శబ్దముతో ఒక దుర్గమును బంధించితిమి! ఈ విజయమును ఈ సాయంకాలమే రేడియోలో ప్రకటించవలెను!"

"తప్పకుండా!" అన్నారు మిల్తియాదిస్‌గారు.

"మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా," అన్నాడు అర్గీరిస్.

రెండేళ్ళుగా వర్షం గురించి కూడా ఏకాభిప్రాయానికి రాని ముగ్గురూ ఇప్పుడు ఒక్కటయ్యారు. ఈ సాయంత్రం ఆ ముక్క రేడియోలో వస్తే లెఫ్టినెంటు వింటాడు. రేపు పొద్దున కోట తలుపులు తెరుచుకుంటాయి. ఇన్నాళ్ళ అవమానానికి వాళ్ళు పిండి ఒక్కటే వెనక్కి తీసుకుంటారా?

"అయ్యా, వద్దండీ, వాళ్ళు వింటారు," అన్నాడు బర్బా, మొహం పాలిపోయి.

"వినవలెను! సిగ్గుపడవలెను!"

బతిమాలితే లాభం లేదని నాకు తెలుసు. ఆ ముగ్గురితో ఇన్నాళ్ళు కూర్చున్నందుకు నాకు ఒక్క విద్య మాత్రం అబ్బింది. పెన్సిలు తీసి, వినయంగా, రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాను.

"అలాగేనండీ. ఎవరి విజయమని రాయమంటారు?"

ముగ్గురూ నా పెన్సిలు వైపు వంగారు.

"ఇందులో ప్రశ్న యేమున్నది?" అన్నారు ప్రొఫెసర్‌గారు. "లిమోస్ మా పక్షమువారి మాట."

"మాట మీదే. కానీ మేము పీనా వదులుకోకపోతే అది పలికేదా?" అన్నాడు అర్గీరిస్. "త్యాగం మాది. పైగా పెట్టె మోసింది ప్రజలు. ప్రజలు ఎవరి పక్షం?"

"బేరం కుదిర్చింది ఎవరండీ?" అన్నారు మిల్తియాదిస్‌గారు. "మధ్యవర్తి లేకుండా ఏ విజయమైనా వచ్చిందా?"

"మందులన్న మాట నాది! ఔషధసమేతమగు! అది లేనిచో లిమోస్ కరువుగానే మిగిలియుండెడిది!"

"తూగు కోసం వేశానన్నారు కదా!"

"నువ్వు నోర్ముయ్యి!"

"స్తమాతా!"

ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. నువ్వులోకి దిగారు. ఇంక భయం లేదు. ఆ తగువు ఆ సాయంత్రం తెగలేదు, ఆ వారం తెగలేదు. ఎప్పుడైనా అలసిపోయి రాజీకి వచ్చేలా కనిపిస్తే నేను మెల్లగా అడిగేదాన్ని, "విజయం అనాలా, గెలుపు అనాలా అండీ?" అని. ఇంకో పది రోజులు గడిచేవి. సెప్టెంబరులో ఇటలీయే లొంగిపోయింది. అప్పటికి వాళ్ళు మొదటి వాక్యంలో రెండో విశేషణం దగ్గర ఉన్నారు. పార్టీ రాజకీయాల్ని నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను గానీ, ఆ వేసవి మాత్రం వాటికి రుణపడి ఉన్నాను.

కానీ నేను చెప్పాల్సింది ఆ మొదటి రోజు గురించే. వాళ్ళు అరుచుకుంటుండగా బర్బా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మెట్ల మీద నిలబడ్డాం. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.

"బర్బా, ఆ ఆదివారం నేను చదివింది అమ్మ విందా?"

"వినకపోవడమేం? పాద్రీగారు రేడియో పెట్టెని బలిపీఠం కింద దాచారు కదా. అందరికంటే ముందు మీ అమ్మే వెళ్ళి కూర్చుంది. ఒంట్లో ఓపిక లేదు, అనెజీనా మోసుకొచ్చినట్టే తెచ్చింది. రెండు రోజులుగా ఆ ఆకులు ఉడికిన నీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేవు."

"ఏమైనా అర్థమైందా?"

"నా తలకాయ! ఒక్కళ్ళకి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఏం చెప్పింది, ఏం చెప్పింది అని ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటున్నాం. కొందరు ఓడొస్తోందన్నారు, కొందరు రాజుగారు పోయారన్నారు. మీ అమ్మ మాత్రం తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, 'మీకు చెవుల్లేవా? అంతంత పొడుగు మాటలు ఒక్క గుక్కలో చెప్పింది, ఎక్కడైనా ఊపిరి ఆగిందా? గొంతు గంటలా ఉంది. నా పిల్ల కడుపునిండా తింటోంది,' అంది. ఆ రాత్రి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకుంది."

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. బర్బా నా పక్కన కూర్చుని టోపీ తిప్పుతున్నాడు. పైన ఎవరి పేరు ముందుండాలో ఇంకా తేలలేదు.